హెచ్-1బి వీసాలో ఉద్యోగమిచ్చే సంస్థ బాధ్యతలు

ప్రత్యేకమైన ఉన్నత విద్యార్హత కావలసిన ఉద్యోగాల్లో విదేశీయులు పరిమిత కాలం పనిచేయడానికి అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఇచ్చే ప్రవేశ హోదాను హెచ్-1బి అంటారు. ఈ హోదా కోసం ఉద్యోగి నేరుగా ప్రభుత్వాన్ని అడగడానికి వీలులేదు. అతనికి ఉద్యోగం ఇవ్వదలచిన సంస్థే అతని పేరు మీద పిటిషన్ దాఖలు చేసి, ఉద్యోగం నిజమైనదేనని, చట్టం చెప్పిన జీతం ఇస్తామని, స్థానిక కార్మికులకు నష్టం కలగదని రాతపూర్వకంగా పూచీ పడాలి. ఇలా పూచీ పడటాన్నే వాడుకలో స్పాన్సర్ చేయడం అంటున్నారు. దీన్ని కంపెనీ చేసిన ఉపకారంగా చూడటం తెలుగువారిలో అలవాటైంది గాని, చట్టం దృష్టిలో ఇది ఆ సంస్థ తల మీద పడే బాధ్యతల సముదాయం. ఉద్యోగి పనిలో ఉన్నంత కాలమూ, కొన్ని విషయాల్లో అతన్ని తొలగించిన తరువాత కూడా, ఆ బాధ్యతలు సంస్థను వదలవు.

మంజూరయ్యే హెచ్-1బి పిటిషన్లలో 70 శాతానికి పైగా భారతదేశంలో పుట్టినవారివే కావడం ఇటీవలి సంవత్సరాల లెక్కల్లో స్థిరంగా కనిపిస్తుంది, అందులో తెలుగువారి వాటా పెద్దది. 1990ల చివర కంప్యూటర్లలో తేదీల లెక్క తప్పకుండా సరిదిద్దే పని, అంటే వైటూకే పని, అమెరికా కంపెనీలకు ఒక్కసారిగా మీదపడినప్పుడు ఆ అవసరాన్ని తీర్చినవారిలో హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కోర్సులు నేర్చుకున్న తెలుగు యువకులు ఎందరో ఉన్నారు. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ మొదలు కావడానికి, 2023లో అది బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారడానికి వెనుక ఇలా పెరిగిన రాకపోకల ఒత్తిడి ఉంది. అయినా ఈ వీసాకు సంబంధించిన తెలుగు సంభాషణ ఎక్కువగా పేర్లను ఎంపిక చేసే లాటరీ చుట్టూ, పాస్‌పోర్టులో వీసా వేయించుకునే స్టాంపింగ్ చుట్టూ తిరుగుతుందే తప్ప, సంస్థ ఏయే విషయాలకు ప్రభుత్వానికి మాట ఇచ్చిందో చాలామంది ఉద్యోగులకు తెలియదు.

చట్టం నడిచిన దారి

1952 నాటి వలస, జాతీయత చట్టం తాత్కాలికంగా వచ్చే పనివారికి హెచ్ అనే వర్గాన్ని ఏర్పరచింది. అందులోని మొదటి విభాగం అసాధారణ ప్రతిభ గలవారికి ఉద్దేశించినది. అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ 1990 నవంబరు 29న సంతకం చేసిన వలస చట్టం ఈ విభాగాన్ని తిరగరాసి, హెచ్-1బిని నేటి రూపానికి తెచ్చింది. కనీసం బ్యాచిలర్ డిగ్రీ, అదీ ఉద్యోగానికి నేరుగా సంబంధించిన విషయంలో, కావలసిన వృత్తిని ప్రత్యేక వృత్తి అని నిర్వచించడం, ఏడాదికి 65,000 అనే పరిమితి పెట్టడం, జీతం గురించి సంస్థ ముందుగానే కార్మిక శాఖకు హామీ ఇవ్వాలనడం ఆ చట్టంతోనే వచ్చాయి. సాఫ్ట్‌వేర్ రంగపు డిమాండుకు తలొగ్గి 1998లో ఈ పరిమితిని 1,15,000కు, 2000లో 1,95,000కు పెంచినా ఆ పెంపు తాత్కాలికమే కావడంతో 2004 ఆర్థిక సంవత్సరం నుంచి అది మళ్లీ 65,000కు దిగింది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్ లేదా అంతకు మించిన డిగ్రీ పొందినవారికి అదనంగా 20,000 చోటు కల్పించారు. 65,000లో 6,800 చిలీ, సింగపూర్ దేశాలతో కుదిరిన వాణిజ్య ఒప్పందాల కింద పక్కన పెట్టినవి. విశ్వవిద్యాలయాలకు, వాటికి అనుబంధంగా ఉండే లాభాపేక్ష లేని సంస్థలకు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు, ప్రభుత్వ పరిశోధన సంస్థలకు ఈ పరిమితి వర్తించదు.

ఎల్‌సీఏ: సంస్థ ఇచ్చే మాట

స్పాన్సర్ చేసే ప్రక్రియకు పునాది ఎల్‌సీఏ అనే పత్రం. ఇది ఉద్యోగ పరిస్థితుల గురించి సంస్థ అమెరికా కార్మిక శాఖకు ఆన్‌లైన్‌లో సమర్పించే హామీపత్రం. ఏడు పనిదినాల్లో కార్మిక శాఖ దీన్ని ధ్రువీకరిస్తుంది. ఆ దశలో అధికారులు పత్రంలో ఖాళీలు, స్పష్టమైన తప్పులు ఉన్నాయా అని మాత్రమే చూస్తారు గనుక, వ్యవస్థ మొత్తం సంస్థ చెప్పిన మాట మీద నిలబడి ఉంటుంది. అందుకే ఈ పత్రంలో రాసిన ప్రతి అక్షరానికీ తరువాతి కాలంలో విలువ ఉంటుంది.

ఈ హామీల్లో ముఖ్యమైనది జీతం. ఆ సంస్థలో అదే పని చేస్తూ అలాంటి అర్హతలే ఉన్న ఇతరులకు ఇచ్చే జీతం ఒకటి, ఆ ప్రాంతంలో ఆ వృత్తికి సాధారణంగా నడుస్తున్న జీతం ఒకటి; ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. రెండోదాన్ని ప్రచలిత వేతనం అనవచ్చు. కార్మిక శాఖ సర్వే గణాంకాల ఆధారంగా ప్రతి వృత్తికీ, ప్రతి ప్రాంతానికీ దీన్ని నాలుగు స్థాయిల్లో ప్రకటిస్తుంది: కొత్తగా చేరేవారికి మొదటి స్థాయి, పర్యవేక్షణ లేకుండా పనిచేయగల నిపుణులకు నాలుగో స్థాయి. అనుభవజ్ఞుడి చేత పనిచేయించుకుంటూ మొదటి స్థాయి జీతం చూపడం ఈ వ్యవస్థలో తరచుగా వివాదానికి దారితీసే అంశం. ఇక మిగిలిన హామీలు: విదేశీ ఉద్యోగి పని పరిస్థితులు స్థానిక ఉద్యోగుల పరిస్థితులను దెబ్బతీయవని, ఆ పనిచోట ఆ వృత్తిలో సమ్మె గాని లాకౌట్ గాని లేదని, ఈ నియామకం గురించి అక్కడి ఉద్యోగులకు తెలియజేశామని సంస్థ చెప్పాలి. చివరిదాని కోసం కార్మిక సంఘం ఉంటే దానికి, లేకపోతే పనిచోట అందరికీ కనిపించే రెండు చోట్ల పది రోజుల పాటు నోటీసు పెట్టాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో తెలియజేయడానికీ వీలుంది.

ఎల్‌సీఏ సమర్పించిన మరుసటి పనిదినానికల్లా సంస్థ ఒక బహిరంగ దస్త్రాన్ని సిద్ధం చేయాలి. జీతం ఎలా నిర్ణయించారు, ప్రచలిత వేతనం ఎక్కడి నుంచి తీసుకున్నారు, నోటీసు ఎక్కడ పెట్టారు అనే వివరాలున్న ఈ దస్త్రాన్ని ఎవరు అడిగినా చూపాలి. ధ్రువీకరించిన ఎల్‌సీఏ ప్రతిని పనిలో చేరే రోజుకల్లా ఉద్యోగి చేతికి ఇవ్వడమూ సంస్థ విధే. తన జీతం ఎంత ఉండాలో, తాను ఏ ఊళ్లో ఏ హోదాలో పనిచేయాలో ఉద్యోగికి తెలియజేసే అధికారిక కాగితం ఇదే కాబట్టి దీన్ని అడిగి తీసుకోవడం అమర్యాద కాదు, హక్కు.

నమోదు, ఎంపిక, పిటిషన్

అక్టోబరు 1న మొదలయ్యే అమెరికా ఆర్థిక సంవత్సరం కోసం సంస్థలు అంతకు ముందు మార్చిలో తాము స్పాన్సర్ చేయదలచినవారి పేర్లను పౌరసత్వ, వలస సేవల సంస్థ దగ్గర, అంటే యూఎస్‌సీఐఎస్ దగ్గర, ఆన్‌లైన్‌లో నమోదు చేస్తాయి. అడిగేవారు ఉన్న చోట్ల కన్నా ఎక్కువైనప్పుడు లాటరీ తీస్తారు. 2013 నుంచి ఏటా ఆ అవసరం పడుతూనే ఉంది. 2020లో వచ్చిన ఈ ఆన్‌లైన్ పద్ధతిలో నమోదు రుసుము 10 డాలర్లే కావడం వల్ల ఒకే వ్యక్తి పేరును పలు సంస్థలు నమోదు చేసి అవకాశాలు పెంచుకునే ధోరణి ప్రబలింది. 2024 ఆర్థిక సంవత్సరానికి అర్హమైన నమోదులు 7,58,994 రాగా, వాటిలో 4,08,891 ఒకటికి మించి నమోదైన వ్యక్తులవే. న్యాయంగా ఒకే నమోదుతో ఎదురుచూసినవారికి దీనివల్ల జరిగిన అన్యాయం చిన్నది కాదు. ఆ తరువాతి ఏడాది నుంచి సంస్థల నమోదులను కాక పాస్‌పోర్టు ఆధారంగా వ్యక్తులను లెక్కించి ఎంపిక చేయడంతో నమోదులు 4,70,342కు, 2025 మార్చిలో రుసుము 215 డాలర్లకు పెరిగాక 3,43,981కి తగ్గాయి. 2025 డిసెంబరులో వెలువడిన మరో నిబంధన ఎంపికను జీతపు స్థాయితో ముడిపెట్టింది: నాలుగో స్థాయి జీతం ఇవ్వజూపిన పేరు నాలుగుసార్లు, మొదటి స్థాయి పేరు ఒక్కసారి లెక్కలోకి వస్తుంది. అంటే ఉద్యోగిని గట్టిగా బలపరచదలచిన సంస్థ చేతిలో ఉన్న బలమైన సాధనం ఇప్పుడు జీతమే.

ఎంపికైన తరువాత సంస్థకు పిటిషన్ వేయడానికి కనీసం 90 రోజుల గడువు ఉంటుంది. ఐ-129 అనే ఫారంతో పాటు ధ్రువీకరించిన ఎల్‌సీఏ, ఉద్యోగ వివరణ, ఆ ఉద్యోగానికి ఫలానా డిగ్రీ ఎందుకు అవసరమో చూపే ఆధారాలు, ఉద్యోగి విద్యార్హతల పత్రాలు జతచేయాలి. నాలుగేళ్ల బీటెక్‌ను సాధారణంగా అమెరికా బ్యాచిలర్ డిగ్రీకి సమానంగా తీసుకుంటారు. మూడేళ్ల బీఎస్సీ, బీకాం వంటి డిగ్రీలు ఉన్నవారి విషయంలో తక్కువపడిన ప్రతి ఏడాది చదువుకూ మూడేళ్ల సంబంధిత అనుభవాన్ని లెక్కగట్టే పద్ధతి ఉంది, కాబట్టి పాత ఉద్యోగాల అనుభవ పత్రాలను వివరంగా తెప్పించుకోవడం సంస్థ న్యాయవాదికి ముఖ్యమైన పని అవుతుంది. అధికారులు అదనపు ఆధారాలు కోరితే, అంటే వాడుకలో ఆర్‌ఎఫ్‌ఈ వస్తే, గడువులోగా జవాబు చెప్పవలసిందీ సంస్థే. పిటిషన్ మంజూరైతే విదేశంలో ఉన్న ఉద్యోగి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు హాజరై పాస్‌పోర్టులో వీసా వేయించుకోవాలి. చదువుకోసం ఎఫ్-1 వీసాపై వచ్చి అమెరికాలోనే ఉన్నవారు దేశం దాటకుండానే హోదా మార్చుకోవచ్చు. వీరిలో సైన్స్, ఇంజనీరింగ్ రంగాల పట్టభద్రులకు చదువు తరువాతి శిక్షణ కాలానికి తోడుగా దొరికే 24 నెలల అదనపు కాలానికి సంస్థ ఈ-వెరిఫై అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదై ఉండి, శిక్షణ ప్రణాళికపై సంతకం చేయాలి. అమెరికాలో ఎమ్మెస్ చేసిన తెలుగు విద్యార్థులు హెచ్-1బికి చేరుకునే ప్రధాన మార్గం ఇదే.

ఖర్చు ఎవరిది

2024 ఏప్రిల్‌లో సవరించిన రుసుముల ప్రకారం 25 మందికి మించి ఉద్యోగులున్న వ్యాపార సంస్థ కొత్త పిటిషన్‌కు 780 డాలర్ల మూల రుసుము, స్థానికుల శిక్షణ కోసం 1,500, మోసాల నిరోధానికి 500, శరణార్థి కార్యక్రమం కోసం 600 చెల్లించాలి. నమోదు రుసుముతో కలిపి ఇది 3,595 డాలర్లు. చిన్న సంస్థలకు ఇదే లెక్క 2,225 డాలర్లకు వస్తుంది. త్వరగా తేల్చాలని కోరితే అదనపు రుసుము, న్యాయవాది ఫీజు వేరు. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులుండి, వారిలో సగానికి పైగా హెచ్-1బిలో గాని, సంస్థలోనే బదిలీపై వచ్చేవారికి ఇచ్చే ఎల్-1 హోదాలో గాని ఉన్న సంస్థలకు మరో 4,000 డాలర్లు పడుతుంది. వీటన్నిటినీ చిన్నవిగా కనిపించేలా చేసింది 2025 సెప్టెంబరు 19 నాటి అధ్యక్ష ప్రకటన; దేశం వెలుపల ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపు తోడవ్వాలని అది షరతు పెట్టింది. పన్నెండు నెలల కాలానికి విధించిన ఈ షరతు అమెరికాలో ఉండి హోదా మార్చుకునేవారికి వర్తించదని యూఎస్‌సీఐఎస్ ఆ అక్టోబరులో స్పష్టం చేసింది. అమెరికా వాణిజ్య మండలి, పలు రాష్ట్రాలు దీన్ని న్యాయస్థానాల్లో సవాలు చేశాయి.

ఈ డబ్బు ఎవరి జేబులోంచి రావాలన్నది చట్టం స్పష్టంగా చెప్పిన విషయం. శిక్షణ రుసుమును, మోసాల నిరోధ రుసుమును ఉద్యోగి చేత కట్టించకూడదు. తరువాత ఏదో పేరుతో జీతంలోంచి మినహాయించుకోకూడదు కూడా. ఎల్‌సీఏకు, పిటిషన్‌కు అయ్యే న్యాయవాది ఫీజు సంస్థ వ్యాపార ఖర్చే గనుక, దాన్ని ఉద్యోగి మీద వేయడం వల్ల అతనికి చేరే మొత్తం చట్టబద్ధమైన జీతం కన్నా తగ్గితే అది ఉల్లంఘన. కాన్సులేట్‌లో కట్టే వీసా రుసుము వంటి సొంత ఖర్చులను మాత్రం ఉద్యోగి భరించవచ్చు. ఈ సూత్రం ఎంత గట్టిదో మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ ప్రభుత్వ పాఠశాలల ఉదంతం చూపుతుంది. విదేశాల నుంచి తెచ్చుకున్న ఉపాధ్యాయుల చేత వీసా రుసుములు కట్టించినందుకు ఆ విద్యావ్యవస్థ 2011లో 1,044 మంది ఉపాధ్యాయులకు సుమారు 42 లక్షల డాలర్లు తిరిగి చెల్లించవలసి వచ్చింది, రెండేళ్లు కొత్త విదేశీ ఉద్యోగులను స్పాన్సర్ చేసే అర్హత కోల్పోయింది. తప్పు చేసింది ప్రభుత్వ సంస్థే అయినా, ఎంతో కొంత మంచి ఉద్దేశంతో ఉపాధ్యాయులను తెచ్చుకున్నా, మినహాయింపు దొరకలేదు.

ముందుగానే ఉద్యోగం మానేస్తే జరిమానా కట్టాలనే బాండ్లు కూడా ఈ కోవలోకే వస్తాయి. జరిమానాను చట్టం ఒప్పుకోదు. సంస్థకు నిజంగా కలిగే నష్టాన్ని ముందే న్యాయంగా అంచనా కట్టి రాసుకున్న పరిహారాన్ని మాత్రం రాష్ట్ర చట్టం అనుమతిస్తే ఒప్పుకుంటుంది, అయితే పిటిషన్ రుసుములను ఆ పరిహారంలో కలపకూడదు.

పనిలో చేరిన తరువాత

హెచ్-1బిపై అమెరికాలో అడుగుపెట్టి పనికి సిద్ధమైన ఉద్యోగికి ఆ రోజు నుంచే జీతం మొదలవుతుంది. అతను ఇంకా హాజరు కాకపోయినా, ప్రవేశించిన 30 రోజుల్లోగా, అప్పటికే అమెరికాలో ఉంటే హోదా అమల్లోకి వచ్చిన 60 రోజుల్లోగా జీతం ఇవ్వడం మొదలుపెట్టాలి. ప్రాజెక్టు లేదు కాబట్టి జీతం లేదనడం, అంటే జీతం లేకుండా బెంచి మీద కూర్చోబెట్టడం, చట్టవిరుద్ధం. ఉద్యోగి తన సొంత కారణంతో సెలవు కోరినప్పుడు, అనారోగ్యం వంటి కారణాలతో పనిచేయలేనప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు ఉంది. పని లేని నెలల్లో ఉద్యోగి దగ్గర డబ్బు తీసుకుని దాన్నే జీతంగా చూపించే పద్ధతి కొన్ని చిన్న కన్సల్టెన్సీల్లో నడిచిందన్నది తెలుగు సమాజంలో తెలియని విషయం కాదు. ఇది ఉద్యోగిని దోచుకోవడమే గాక, జీతం చెల్లించని నేరానికి అతన్నే సాక్షిగా, భాగస్వామిగా మార్చడం, కాబట్టి దీన్ని ఎంత తీవ్రంగా ఖండించినా తక్కువే.

పని చేసే చోటు మారితే ఎల్‌సీఏ మారుతుంది. 2015లో సిమియో సొల్యూషన్స్ వ్యవహారంలో వచ్చిన తీర్పు ప్రకారం, ఉద్యోగి రాకపోకలకు వీలైన దూరం దాటి వేరే నగర ప్రాంతానికి మారితే సంస్థ కొత్త ఎల్‌సీఏతో సవరించిన పిటిషన్ వేయాలి. ఇంటి నుంచి పనిచేయడం పెరిగిన తరువాత దీనికి ప్రాముఖ్యం మరింత వచ్చింది, ఎందుకంటే ఉద్యోగి ఇల్లే పనిచోటు అవుతుంది.

సంస్థ తానుగా ఉద్యోగిని తొలగిస్తే, ఆ విషయం అతనికి తెలియజేసి, యూఎస్‌సీఐఎస్‌కు రాతపూర్వకంగా చెప్పి, స్వదేశానికి తిరిగి వెళ్లడానికయ్యే సమంజసమైన ప్రయాణ ఖర్చు ఇవ్వజూపాలి. ఈ మూడూ పూర్తయ్యే వరకు జీతపు బాధ్యత తీరినట్టు కాదు. 2017 జనవరి నుంచి ఉద్యోగం పోయినవారికి గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు ఉంది. ఆ లోగా వేరే సంస్థ పిటిషన్ వేస్తే కొత్త పని మొదలుపెట్టవచ్చు. మంజూరు కోసం ఆగకుండా, పిటిషన్ చేరగానే కొత్త సంస్థలో పనిచేయనిచ్చే ఈ వీలు 2000 నాటి చట్టం ఇచ్చింది. యజమాని అనుమతి లేనిదే ఉద్యోగం మారనివ్వని గల్ఫ్ దేశాల పాత కఫాలా పద్ధతికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

హెచ్-1బి మూడేళ్ల చొప్పున మొత్తం ఆరేళ్లకు దొరుకుతుంది. అంతకు మించి ఉండాలంటే సంస్థ శాశ్వత నివాసం కోసం, అంటే గ్రీన్‌కార్డు కోసం, ప్రక్రియ మొదలుపెట్టి ఉండాలి. అందులో మొదటి మెట్టయిన కార్మిక ధ్రువీకరణ ఖర్చు కూడా 2007 నుంచి సంస్థే భరించాలి. ఏ ఒక్క దేశంవారికీ ఏటా 7 శాతానికి మించి గ్రీన్‌కార్డులు ఇవ్వకూడదన్న నియమం వల్ల భారతీయులు ఎన్నో ఏళ్లు వేచి ఉండవలసి వస్తుంది గనుక, ఈ ప్రక్రియను సంస్థ ఆరేళ్లు ముగిసేదాకా వాయిదా వేయకుండా ముందే మొదలుపెట్టడం ఉద్యోగి కుటుంబానికి అది చేయగల పెద్ద మేలు. దీనిలోని రెండో మెట్టయిన ఐ-140 మంజూరైతే మూడేళ్ల చొప్పున పొడిగింపులు దొరుకుతాయి. అప్పుడు హెచ్-4లో, అంటే హెచ్-1బి ఉద్యోగి కుటుంబసభ్యులకు ఇచ్చే హోదాలో, ఉన్న జీవిత భాగస్వామి కూడా పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు; ఈ వీలు 2015లో వచ్చింది.

మూడో సంస్థ దగ్గర పని

తెలుగువారికి ఎక్కువగా తెలిసిన ఏర్పాటులో జీతమిచ్చేది ఒక కన్సల్టెన్సీ, పని జరిగేది క్లయింట్ దగ్గర. నర్సుల నియామకానికి సంబంధించి 2000లో వచ్చిన డిఫెన్సర్ తీర్పు, ఇలాంటి చోట పనివారిని వాడుకునే సంస్థ కోరే అర్హతలనే చూడాలని చెప్పింది. 2025 జనవరి 17న అమల్లోకి వచ్చిన నిబంధనలు ఈ సూత్రాన్ని రాతలో పెట్టాయి. నిజమైన ఉద్యోగం ఉందని చూపే ఒప్పందాలను అడిగే అధికారం, పనిచోటుకు ముందుగా చెప్పకుండా వచ్చి తనిఖీ చేసే అధికారం కూడా వీటితో స్పష్టమయ్యాయి. తనిఖీకి సహకరించకపోతే పిటిషన్ రద్దు కావచ్చు. ఉద్యోగుల్లో 15 శాతం లేదా అంతకు మించి హెచ్-1బి వారే ఉన్న పెద్ద సంస్థలను ఆధారిత సంస్థలు అంటారు. 60,000 డాలర్ల జీతం గాని మాస్టర్స్ డిగ్రీ గాని లేని ఉద్యోగులను స్పాన్సర్ చేయాలంటే, ఇవి స్థానికులను తొలగించలేదని, ముందుగా స్థానికుల కోసం వెతికామని కూడా హామీ ఇవ్వాలి.

ఉల్లంఘన, ఫిర్యాదు

ఈ హామీల అమలును చూసేది కార్మిక శాఖలోని వేతన, పనిగంటల విభాగం. ఉల్లంఘన రుజువైతే బకాయి జీతం చెల్లించడంతో పాటు జరిమానాలు, తీవ్రతను బట్టి కనీసం ఒకటి, రెండు లేదా మూడేళ్లు స్పాన్సర్ చేయకుండా నిషేధం పడతాయి. నిషేధానికి గురైన సంస్థల పేర్లను కార్మిక శాఖ బహిరంగంగా ప్రకటిస్తుంది. ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోగా ఉద్యోగి డబ్ల్యుహెచ్-4 అనే ఫారంపై ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, దీనికి న్యాయవాది అవసరం లేదు. ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగిని తొలగించడం, బెదిరించడం మరో ఉల్లంఘన. అలా హోదా పోగొట్టుకున్నవారి విషయంలో ఆ ఫిర్యాదును ఆధారంగా తీసుకుని, కొత్త పిటిషన్‌ను పరిశీలించేటప్పుడు ఆ లోటును మన్నించే అధికారం యూఎస్‌సీఐఎస్‌కు ఉంది. అయితే ఇదంతా ఆధారాల మీద నడిచే వ్యవహారం కాబట్టి, హెచ్-1బిపై వెళ్లే ప్రతి ఉద్యోగీ తన ఎల్‌సీఏ ప్రతిని, నియామక పత్రాన్ని, మంజూరు నోటీసును, నెలనెలా జీతపు చీటీలను సంస్థ కంప్యూటర్‌లో కాక సొంతంగా భద్రపరచుకోవాలి.